ఎదుగుచున్న బిడ్డ చేతికి ఎంత ఇయ్యవలెను?

ధ్యాన భాగము: లూకా 16:10–12, గలతీయులకు 4:1–2



తలిదండ్రులు సంఘకాపరిని అడుగు ప్రశ్నలలో కొన్ని వినుటకు మిక్కిలి చిన్నవిగా నుండును. పదునాలుగేండ్ల కుమారునికి, పదునారేండ్ల కుమార్తెకు చేతిఖర్చుల నిమిత్తము నెలకు ఎంత ఇయ్యవచ్చును అనునది అట్టి ప్రశ్న. ఇది వాక్యమునకు సంబంధించిన సంగతియా అని కొందరు నవ్వుదురు. పెండ్లికై, ఉద్యోగముకై, రోగముకై మోకరించు మనము, నెల మొదటి తారీఖున మన ఇంటిలోనే జరుగు ఈ చిన్న ఇచ్చిపుచ్చుకొనుటను మాత్రము ప్రార్థన లేకయే, తరచుగా విసుగుతోనే ముగించుచున్నాము.

అయితే మన ప్రభువు ప్రార్థనను గూర్చి బోధింప నుద్దేశించినప్పుడు ఏ దృష్టాంతమును ఎన్నుకొనెనో చూడుడి. ఆయన దేవాలయమును చూపలేదు, యాజకుని చూపలేదు. రొట్టె నడుగు కుమారుని, ఇచ్చు తండ్రిని చూపెను (మత్తయి 7:9–11). చెడ్డవారైన తండ్రులే ఇయ్య నెరిగియుండగా పరలోకపు తండ్రి ఇంకెంతగా ఇచ్చునో గదా అనునది ఆయన వాదము. ఈ వాదము బిడ్డ హృదయములో నిలువవలెనన్న, ముందుగా ఇంటిలోని తండ్రి చేయి ఏలాగున ఇచ్చుచున్నదో ఆ బిడ్డ చూచియుండవలెను. ప్రసంగపీఠమునుండి వినకమునుపే బిడ్డ తండ్రి చొక్కా జేబునుండి దేవుని గూర్చి కొంత నేర్చుకొనును.

కొన్ని ఇండ్లలో ఒక నియమమంటూ ఉండదు. నాన్నగారు సంతోషముగా ఉన్న సాయంకాలము అడిగినచో 500 రూపాయలు వచ్చును. కోపముగా ఉన్న ఉదయము అడిగినచో 10 రూపాయలకు సైతము గద్దింపు వచ్చును. అట్టి ఇంటి బిడ్డ తండ్రి ముఖమును చదువుట నేర్చుకొనును, తల్లిని మధ్యవర్తిగా పంపుట నేర్చుకొనును, పది రూపాయల అవసరమునకు ఇరువది చెప్పుట నేర్చుకొనును. పెద్దవాడైన తరువాత అతడు ప్రార్థించుట వినుడి. ఆ పొగడ్త, ఆ బేరము, ఆ భయము అన్నియు అక్కడనే యుండును. మరికొన్ని ఇండ్లలో అడిగినదెల్ల అడిగినప్పుడే ఇయ్యబడును; ఆ బిడ్డకు దేవుడు ఆలస్యము చేసిన దినమున దేవుడే లేడని తోచును. ఇక మూడవ విధమైన ఇంటిలో బిడ్డకు కావలసినవన్నియు కొనబడును గాని ఒక్క రూపాయి సైతము చేతికి ఇయ్యబడదు. మన భక్తిగల కుటుంబములలో ఈ మూడవది ఎక్కువ. దీనిని మనము క్రమశిక్షణ అందుము.

ఈ మూడవ ఇంటిని గూర్చి ఆలోచించినప్పుడు లూకా పదునైదవ అధ్యాయములోని పెద్ద కుమారుడు జ్ఞాపకము వచ్చును. చిన్నవాని సంగతి మనమందర మెరుగుదుము. తండ్రి బ్రదికియుండగానే తన వంతు అడిగెను. ద్వితీయోపదేశకాండము 21:17 ప్రకారము జ్యేష్ఠునికి రెండు పాళ్లు గనుక ఇద్దరు కుమారులున్న ఇంటిలో చిన్నవానికి వచ్చునది మూడవ వంతు. ప్రాణముతో నుండగా ఆస్తిని పంచియిచ్చి బిడ్డల చేతికి ఎదురు చూడవద్దని యూదుల జ్ఞానియైన బెన్ సీరా తన గ్రంథము 33వ అధ్యాయములో హెచ్చరించియుండెను; మన బైబిలులో ఆ గ్రంథము చేరలేదు గాని ఆ కాలపు ఇండ్లలోని అభిప్రాయమేదో దానివలన తెలియును. చిన్నవాడు ఆ మూడవ వంతును ఒక్కసారిగా చేతబట్టుకొని దూరదేశమునకు పోయెను. పెద్దవాడో, ఇంటనే యుండి సమస్తమునకు వారసుడై యుండియు, స్నేహితులతో సంతోషించుటకు తనకొక మేకపిల్లనైనను ఎన్నడును ఇయ్యలేదని సణిగెను. తండ్రి తనకున్నవన్నియు అతనివేయని చెప్పెను.

ఉపమానములోని తండ్రిని తప్పుపట్టుటకు ఇది చెప్పుట లేదు. ఆ తండ్రి ఎవరో మనకు తెలియును. అయినను మానవ కుటుంబమును గూర్చి ఆ ఇద్దరు అన్నదమ్ములు మనకు చెప్పునది కలదు. ఒకని చేతికి ఒక్కసారిగా సమస్తము వచ్చెను. మరియొకడు సమస్తము మధ్య నుండియు తనదని చెప్పుకొనుటకు ఒక మేకపిల్ల లేనివానివలె బ్రదికెను. ఆ ఇద్దరిలో ఎవడును కొంచెమును చేతబట్టి నడపినట్టు కథలో కనబడదు. ఆ కొంచెమును గూర్చియే మన ప్రభువు వెంటనే తరువాతి అధ్యాయములో మాటలాడెను.

లూకా 16:10లో గ్రీకు మాట ‘ఎలఖిస్టోస్’. అది ‘చిన్నది’ అను మాటకు అంత్య తరము. ఇంతకన్న చిన్నది లేదన్నంత చిన్నది. ప్రభువు ధనమునకు పెట్టిన పేరు అది. మనము మహా గొప్పదిగా నెంచుదానిని ఆయన అన్నిటికన్న చిన్నదానిగా నెంచి, దానిలో నమ్మకమైనవానికి గొప్పది అప్పగింపబడునని చెప్పెను. పండ్రెండవ వచనములో మరియొక చిత్రమున్నది. చేతిలో నున్న ధనమును ఆయన ‘పరులది’ అనెను. తరువాత వచ్చుదానినే ‘స్వంతము’ అనెను. (ఇక్కడ వాతికను ప్రతి మొదలైన కొన్ని ప్రాచీన ప్రతులలో ‘మీది’ అనుటకు బదులు ‘మాది’ అని యున్నది. గ్రీకులో ఈ రెండు మాటలకు ఒక్క అక్షరమే భేదము. పలుకుబడి దాదాపు ఒకటియే యగుటచేత వ్రాతగాండ్రు తికమకపడిరి.) మన బుద్ధికి ఇది తలక్రిందుగా తోచును. పరుల సొమ్మును నడపుట నేర్చినవానికే స్వంత సొమ్ము ఇయ్యబడును.

బిడ్డ చేతిఖర్చు అచ్చముగా ఇట్టిదే. అది తండ్రి సొమ్ము. అయినను బిడ్డ చేతిలో నున్నది. రోమీయుల ధర్మశాస్త్రములో తండ్రి అధికారము క్రింద నున్న కుమారుడు, వయస్సు ఎంతయైనను, చట్టప్రకారము ఏమియు స్వంతము కలిగియుండలేడు. అందుచేత తండ్రి అతనికి ‘పెకూలియం’ అను చిన్న నిధి నొకదానిని వేరుగా నిచ్చి, ఇది నీవు నడుపుకొనుమని చెప్పెడివాడు. దాసునికి సైతము యజమానుడు అట్టి దానిని ఇచ్చెడివాడు. చట్టమునుబట్టి అది తండ్రిదే, వాడుకలో కుమారునిది. ఎంత ఇయ్యవలెనను ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఇది మంచి తావు. బిడ్డకు ఎంత కావలెనని గాని, మనము ఎంత ఇయ్యగలమని గాని ముందుగా అడుగవద్దు. ఏ నిర్ణయములను నేడు ఈ బిడ్డకు అప్పగింపగలను అని అడుగుడి. ఆ నిర్ణయముల వెల యెంతయో అదియే మొత్తము.

ఇది వట్టి సిద్ధాంతముగా నుండకుండునట్లు ఒక లెక్క వేయుదము. మండల కేంద్రములో తొమ్మిదవ తరగతి చదువు ఒక బాలుని తలంచుకొందము. వాని తండ్రి, “మేము వాడికి పైసా ఇయ్యమండి” అని గర్వముగా చెప్పును. ఒక నెల దినములు ఆ తల్లి ఒక పుస్తకములో వ్రాసినయెడల ఏమి తేలును? బడికి షేర్ ఆటో రానుపోను 20 రూపాయల చొప్పున 25 దినములకు 500, విరామ సమయములో తినుబండారము దినమునకు 10 చొప్పున 250, కలములు, నోటు పుస్తకములు, జిరాక్సు 150, క్షవరము 100, ఫోను రీఛార్జి 300, ఆదివారపు కానుక నాలుగు వారములకు 40, స్నేహితుని పుట్టినరోజునకు 60. వెరసి 1,400 రూపాయలు. పైసా ఇయ్యని ఇంటిలో నెలకు 1,400 రూపాయలు ఆ బిడ్డ పేర ఖర్చగుచున్నవి. వాటిలో ఒక్క రూపాయిని గూర్చియైనను ఆ బిడ్డ నిర్ణయించుట లేదు. ఈ అంకెలు మీ ఇంటికి సరిపోకపోవచ్చును. మీరు వ్రాసికొన్నప్పుడు మీ అంకెలు మీకు తెలియును.

ఇప్పుడు ఆటోను, క్షవరమును, రీఛార్జిని తండ్రి తన చేతిలోనే యుంచుకొని, మిగిలిన 500ను బిడ్డకు అప్పగింపవచ్చును. దానిపైన మరియొక 100 చేర్చుట మంచిది. ఏలయన అవసరములకు సరిగ్గా సరిపోవు మొత్తము నిచ్చినచో బిడ్డ కేవలము తండ్రి డబ్బును దుకాణమునకు మోయు కూలివాడగును గాని నిర్ణయించువాడు కాడు. దాచుకొనుటకో, ఇయ్యుటకో, పాడుచేయుటకో కొంచెము సందు ఉండవలెను. ఆలాగున 600 అయినది. మొదటి ఆరు మాసములు దీనిని వారమునకు 150గా నిచ్చి, తరువాత నెలకు ఒకసారి ఇయ్యవచ్చును. మరుసటి యేట క్షవరము, రీఛార్జి కలుపుడి. మొత్తము 1,000 అగును. ఆ పైయేట ఆటో ఖర్చు కలిపిన దినమున, నడిచి వెళ్లినచో డబ్బు మిగులునని మీరు చెప్పకయే బిడ్డకు తోచును. ఈ విధముగా మొత్తము పెరుగునప్పుడు మీ ఖర్చు అంతగా పెరుగదు. చేతులు మారును, అంతే. బిడ్డ మారాముచేసినందున గాక అప్పగింత పెరిగినందున మొత్తము పెరిగినదని బిడ్డకును తెలియును.

వారము మొదట, నెల తరువాత అనుటకు అరణ్యములోని మన్నా సాక్ష్యము. దేవుడు ఇశ్రాయేలీయులకు మొదట ఏనాటికానాడే ఇచ్చెను. ఆరవ దినమున మాత్రము రెండు దినములకు సరిపడ ఇచ్చెను (నిర్గమకాండము 16). మనిషికొక ఓమెరు, అది ఏఫాలో పదియవ వంతు, మన కొలతలో సుమారు రెండు లీటర్లు. గుడారములోని తలలనుబట్టి కొలత గాని ప్రక్క గుడారమువాడు ఎంత కూర్చుకొనెనో దానినిబట్టి కాదు. “మా తరగతిలో వాడికి వాళ్ల నాన్న రెండువేలు ఇస్తాడు” అను మాటకు దీనికన్న నెమ్మదియైన జవాబు నాకు తెలియదు. ప్రభువు ప్రార్థనలో అనుదినాహారమునకు వాడిన ‘ఎపియూసియోస్’ అను మాట అనువాదకులకు నేటికిని తలనొప్పియే. సువార్తికులే ఆ మాటను కల్పించినట్టున్నదని మూడవ శతాబ్దములో ఓరిగెను తలంచెను. ‘రానున్న దినమునకు కావలసినది’ అనునది దానికి పలువురు చెప్పు అర్థములలో ఒకటి. నాకు ఆ అర్థము ఇష్టము. ఇచ్చునది ముందుగా ఇయ్యవలెను. ఖర్చైన తరువాత బతిమాలించుకొని ఇచ్చునది చేతిఖర్చు కాదు, బిచ్చము.

నియమిత తారీఖు, నియమిత మొత్తము అనునవి ఎంత గౌరవమైనవో తెలిసికొనుటకు బబులోనుకు పోవుదము. క్రీ.పూ. 597లో చెరగొనిపోబడిన యూదా రాజైన యెహోయాకీనునకు చివరి కాలమున ఎవీల్మెరోదకు రాజు దినదిన భత్యము నియమించెనని రాజుల రెండవ గ్రంథము చివరి వచనములు చెప్పుచున్నవి. 1899 మొదలు 1917 వరకు జర్మను పండితుడు కోల్డ్‌వై బబులోనులో త్రవ్వించినప్పుడు రాజనగరులో మట్టిపలకలు దొరకెను. 1939లో వైడ్నెరు వాటిని ప్రకటించినప్పుడు, అవి నెబుకద్నెజరు కాలపు నూనె, ధాన్యము పంపకముల లెక్కలని తేలెను. వాటిలో ఒకటి క్రీ.పూ. 592 నాటిది. ఆ పలకలలో యూదా రాజు పేరున్నది. అతని ఐదుగురు కుమారులకు రెండున్నర ‘సిలా’ల నూనె, అనగా తలకు అర సిలా, ఒక మనుష్యుని చేతిద్వారా ఇయ్యబడినట్టున్నది. సిలా అనగా లీటరుకు కొంచెము తక్కువ. చెరకు వచ్చినప్పుడు యెహోయాకీను పదునెనిమిదేండ్లవాడు (2 రాజులు 24:8). కనుక ఆ కుమారులు అప్పటికి పసివారే. అన్యరాజు కొలువులో బందీల పిల్లలకు సైతము ఇంతయని వేరుగా వ్రాతపూర్వకముగా లెక్క యున్నది. మన ఇంటిలోని బిడ్డలకు, వారు చెరలో లేరు గనుక, ఇంకను స్పష్టమైన లెక్క ఉండవద్దా?

ఇక్కడ ఒక మాట చెప్పక దాటలేను. మన ఇండ్లలో కుమారునికి చేతిఖర్చు ఉండును, కుమార్తెకు ఉండదు. “దానికి ఏమి కావాలన్నా మేమే కొంటాము గదా” అందుము. వాడు నెలకొక నోటు లెక్కపెట్టుకొనును. ఆమె సానిటరీ ప్యాడ్లకు కూడ తండ్రినో అన్ననో అడుగవలసివచ్చును. సెలోపెహాదు కుమార్తెలు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఐదుగురు, సమాజమంతటి యెదుట నిలిచి తమకును స్వాస్థ్యము కావలెనని అడిగినప్పుడు, వారు చెప్పినది న్యాయమేయని యెహోవా మోషేకు సెలవిచ్చెను (సంఖ్యాకాండము 27). కుమార్తెకు అవసరములు ఎక్కువైనచో ఆమె మొత్తము అన్న మొత్తముకన్న ఎక్కువగా నుండుట ధర్మము. డబ్బును చేతబట్టని చిన్నది రేపు అత్తవారింటికి పోయి ఎవని చేతిని చూచి బ్రదుకునో తల్లులు ఆలోచింపుదురు గాక.

మార్కులకు ఇంత, ర్యాంకునకు ఇంత, అంట్లు తోమినందుకు ఇంత అని కొందరు లెక్క కట్టుదురు. ఇంటికి బయట చేయదగిన పనికి, తోటపనికో వేసవిలో చేసిన పనికో, కూలి ఇయ్యుట మంచిదే. అయితే నియమిత చేతిఖర్చును దానితో కలుపవద్దు. పౌలు రోమీయులకు 6:23లో రెండు మాటలను ఎదురెదురుగా నిలిపెను. పాపమునుండి వచ్చుదానికి ‘ఒప్సోనియా’ అని పేరు. అది సైనికునికి ఇచ్చు బత్తెము. దేవుని యొద్దనుండి వచ్చుదానికి ‘ఖరిస్మా’ అని పేరు, అది కృపావరము. దూరదేశమునుండి తిరిగివచ్చిన కుమారుడు తన్ను కూలివానిగా పెట్టుకొమ్మని చెప్ప నుద్దేశించెను. తండ్రి ఆ మాట వరకు రానియ్యలేదు. పదవ తరగతిలో మార్కులు తగ్గినందుకు చేతిఖర్చు నిలిపివేసిన తండ్రి, తనకు తెలియకయే, కుమారుని కూలివారి జాబితాలో వ్రాసినవాడగుచున్నాడు. మార్కులు తగ్గిన నెలలోను ఒకటవ తారీఖు ఒకటవ తారీఖే.

మరి బిడ్డ పదియవ తారీఖునకే అంతయు ఖర్చు చేసి వచ్చినచో? ఈ చోటనే పెక్కు తల్లులు ఓడిపోవుదురు. అన్నము, ఫీజు, బడికి పోవు దారి ఖర్చు, మందు — వీటిని ఎన్నడును తగ్గింపకూడదు. తినుబండారములు లేకుండ ఇరువది దినములు గడచుట మాత్రము బిడ్డకు హాని చేయదు. దూరదేశమునకు తండ్రి డబ్బు పంపినట్టు ఉపమానములో లేదు. దూరముగా నుండగానే కుమారుని చూచెనని మాత్రమున్నది. ఆ రెండును కలిసియుండవలెను. చూడక ఊరకుండుట కాఠిన్యము; చూచి వెంటనే జేబులో చేయిపెట్టుట బలహీనత. రానున్న నెలలోనుండి ముందుగా ఇచ్చుట అన్నిటికంటె చెడ్డది. అప్పుమీద బ్రదుకుట అక్కడనే మొదలగును.

డబ్బు కాగితమై యున్నంతకాలము ఖర్చు కంటికి కనబడెడిది. నేడు అది ఫోనులోని అంకె. పదియేండ్లు నిండిన మైనర్లు తామే పొదుపు ఖాతాను నడుపుకొనుటకు 2014లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అనుమతినిచ్చెను; 2025లో నియమములను సవరించినప్పుడును ఆ వెసులుబాటును ఉంచెను. పెద్దవాని ఖాతానుండియే, పెద్దవాడు పెట్టిన పరిమితిలో, మరియొకరు తమ ఫోనుతో చెల్లించు ఏర్పాటు 2024లో వచ్చెను. ఈ రెంటిలో నేను మొదటిదానినే కోరుదును. తండ్రి ఖాతానుండి చెల్లించు బిడ్డకు అడుగు కనబడదు. తన చిన్న ఖాతా ఖాళీయైనప్పుడు ఖాళీయని తెలియును. అయినను మొదటి ఏడాదియైనను నోట్లు, నాణెములు చేతికి ఇచ్చుట మేలు. పందెముతో ఆడు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసెను. చట్టము తలుపు మూయును గాని కిటికీలు అనేకములున్నవి. బిడ్డ అట్టి దానిలో చిక్కినచో, అబద్ధమాడి తీసికొనినచో, మొత్తమును తగ్గించి మరల వారపు లెక్కకు తెచ్చి, ఎప్పటివరకో తారీఖు చెప్పుడి. తారీఖు లేని శిక్ష బిడ్డను నిరాశలో పడద్రోయును. పిల్లలకు కోపము పుట్టింపవద్దని కొలొస్సయులకు 3:21లో తండ్రులను హెచ్చరించినప్పుడు పౌలు భయపడినది దానికే.

లెక్క అడుగవలెనా? అడుగవలెను, నెలకు ఒకసారి, కూర్చుండి. ప్రతి చెల్లింపునకు తండ్రి ఫోను మ్రోగి, వెంటనే “ఆ ముప్పై దేనికి?” అని అడుగుట లెక్క కాదు, కాపలా. మరియొకటి: బిడ్డ పుస్తకము తెరచునప్పుడు తండ్రి పుస్తకమును తెరువబడవలెను. జీతమెంత, అద్దెయెంత, చీటీ ఎంత, ఆస్పత్రి బాకీ ఎంత, తన కాఫీలకు ఎంత అయినదో పదునైదేండ్ల బిడ్డ వినదగినదే. ఇంటి లెక్క తెలిసిన బిడ్డ అడుగు అడుగుటే వేరుగా నుండును.

ఇక కానుక. ఆరాధన ప్రారంభమైన తరువాత తల్లి కొంగు ముడినుండి ఒక నాణెము తీసి బిడ్డ చేతిలో పెట్టును. బిడ్డ దానిని సంచిలో వేయును. అది తల్లి కానుకయే. బిడ్డ దానిని మోసెను. అరౌనా కళ్లమును, ఎడ్లను ఉచితముగా ఇయ్య సిద్ధపడినప్పుడు దావీదు ఒప్పుకొనలేదు. తనకు వెల లేనిదానిని దేవునికి అర్పింపనని చెప్పి యాబది తులముల వెండి తూచి కొనెను (2 సమూయేలు 24). బిడ్డ చేతిఖర్చునుండి, బిడ్డ ఇష్టముచొప్పున, తినుబండారమునకు బదులుగా వచ్చిన పది రూపాయలు బిడ్డ కానుక. అందులో దశమ భాగమును మీరే పట్టుకొని ఇయ్యకుడి. ఒక నెల ఏమియు వేయకపోయినచో మౌనముగా నుండుడి. జాన్ వెస్లీ 1787లో అచ్చువేసిన యొక ప్రసంగములో ఆక్స్‌ఫర్డులోని ఒక యౌవనస్థుని గూర్చి చెప్పెను: ఏటికి 30 పౌనులు వచ్చినప్పుడు 28తో బ్రదికి 2 ఇచ్చెను, మరుసటి యేట 60 వచ్చినను 28తోనే బ్రదికి 32 ఇచ్చెను. ఆ యౌవనస్థుడు వెస్లీయేయని చరిత్రకారులు తలంతురు. అతడు 28 అను అంకెను తానే పెట్టుకొనెను. ఎవరైనను బలవంతముగా పెట్టియుండినచో ఆ రెండవ యేట ఏమి జరిగియుండునో ఊహింపవచ్చును.

కూలినాలి చేసికొను ఇండ్లవారు, “మాకు ఇవన్నియు ఎందుకు?” అనవచ్చును. చిన్న కుమారుడు తన తండ్రిని ఆస్తిని అడుగునప్పుడు లూకా వాడిన మాట ‘ఊసియా’. తండ్రి పంచియిచ్చెనని చెప్పునప్పుడు వాడిన మాట ‘బియోస్’, అనగా జీవము, జీవనాధారము. అదే మాట లూకా 21:4లో రెండు కాసులు వేసిన బీద విధవరాలి విషయములో మరల వచ్చును. బిడ్డ ఆస్తియని అడుగునది తండ్రికి జీవనము. వారమునకు ఇరువది రూపాయలే ఇయ్యగల తల్లి తన జీవనములోనుండియే ఇచ్చుచున్నది. ఆ ఇరువది, శనివారము కూలి అందిన సాయంకాలము, తప్పక, అడుగక మునుపే ఇయ్యబడినచో అది ఐదువేలు ఇచ్చు ధనికుని ఇంటికన్న బిడ్డకు ఎక్కువ నేర్పును. పని దొరకని వారము వచ్చినచో, ఈ వారము లేదని, ఎందుకు లేదో చెప్పి, మన్నించుమని అడుగవలసిన పనియు లేదు.

చివరగా గలతీయులకు 4:1–2. వారసుడు సమస్తమునకు కర్తయై యుండియు, బాలుడై యున్నంతకాలము దాసునికంటె వేరుగా నుండడు. సంరక్షకుల చేతిక్రిందను గృహనిర్వాహకుల చేతిక్రిందను ఉండును, తండ్రి నిర్ణయించిన గడువు వరకు. ఆ గడువునకు పౌలు వాడిన మాట ‘ప్రొథెస్మియా’, ముందుగా నిర్ణయింపబడిన దినము. రోమా చట్టమున మగపిల్లవానికి పదునాలుగేండ్ల వరకు సంరక్షకుడును, ఇరువదియైదేండ్ల వరకు పర్యవేక్షకుడును ఉండెడివారు. ఆ వయస్సులను తండ్రి గాక చట్టమే నిర్ణయించెను గనుక పౌలు మనస్సులో ఏ ప్రాంతపు వాడుక యున్నదో పండితులు వాదించుదురు. ఆ వాదనను వారికే విడుతము. పౌలు చెప్పుదాని బలము గడువు అను మాటలో నున్నది. బాల్యము ముగియును, ఎప్పుడు ముగియవలెనో తండ్రి ముందే తలంచియుండెను. మన దేశ చట్టము 18 అనును. ఆ దినమున ఒక్కసారిగా తాళపుచెవులు విసరివేయు తండ్రియు, ముప్పది యేండ్ల కుమారుని జీతమును తన చేతికే రప్పించుకొను తండ్రియు ఆ మాటను చదువనివారే.

కనుక బిడ్డ పదమూడవ యేట ఉన్నప్పుడే ఒక కాగితముపై వ్రాయుడి: ఏ యేట ఏ ఖర్చు బిడ్డ చేతికి వచ్చునో. బట్టలు ఎప్పుడు, పుస్తకములు ఎప్పుడు, ప్రయాణములు ఎప్పుడు. ఆ కాగితమును బిడ్డకు చూపుడి. డిగ్రీకో ఇంజనీరింగునకో హాస్టలునకు వెళ్లు దినమున, నెలనెలకు గాక ఆరు మాసముల భోజన ఖర్చు, ఇతర ఖర్చు ఒక్కసారిగా ఆ ఖాతాలో వేయగలిగినచో వేయుడి. తప్పక ఎక్కడనో తప్పు లెక్క వేయును. ఆదివారము సాయంకాలము ఫోను చేసినప్పుడు డబ్బు సంగతి మీరు ముందుగా ఎత్తకుడి. ఆరాధనకు వెళ్లెనా, అన్నము తినెనా అని అడుగుడి. మిగిలినది తానే చెప్పును.